ఎర్రబట్ట తొడిగిన పుస్తకం

హబీబ్ ఫోన్ మోగుతోంది. ఎత్తడానికి హబీబ్ లేడు.

డ్యూటీకి తయారవుతున్న భోజన్న చేతిలో బూటు అలాగే ఉండిపోయింది. పక్క మంచం మీద, దిండు కింద, ఫోన్ ఆగకుండా గుయ్యిమంటోంది. తెర మీద 'ఘర్' అని వెలుగుతోంది. హబీబ్ పెళ్ళాం చేస్తోంది.

"ఏం కర్మరా దేవుడా!" అనుకున్నాడు భోజన్న. మోగి మోగి ఆగాక ఫోన్ తీసి, రోజూ పెట్టే అబద్ధమే మళ్ళీ పెట్టాడు. 'సముద్రం మీద ఉన్న. సిగ్నల్ సరిగ లేదు. మంచిగున్న.'

సముద్రం మీద కాదు, సముద్రంలో ఉన్నాడు హబీబ్. సౌదీలో ఖఫ్జీ దగ్గర చమురు బావులకు సామాను మోసే పడవలో పని అతనికి. ఫోన్ చార్జింగుకు పెట్టి డ్యూటీకి వెళ్ళినవాడు, పెద్ద అల ఒకటి కొడితే పోయాడు. శవం కూడా దొరకలేదు. కంపెనీవాళ్ళు కాగితాల్లో ఉన్న నంబరుకు, అంటే మదీనాలో బస్సు నడిపే అతని అన్న దావూద్‌కు చెప్పి, చేతులు దులుపుకున్నారు.

దావూద్ భోజన్నకు ఫోన్ చేసి ఏడ్చాడు. "నా నోటితో నేను చెప్పలేనబ్బా. ఫోన్లో చెప్తే ఆ పిల్ల తట్టుకోదు. నువ్వు వాని దోస్తువి. నువ్వే ఎదురుగా నిలబడి చెప్పు."

సరేనన్నాడు భోజన్న. అనడానికేం, ఎవరైనా అంటారు! అప్పట్నుంచి హబీబ్ అతన్ని వదిలితే ఒట్టు. అన్నం తింటుంటే పక్కన తడిబట్టల వాసన. గడ్డం గీసుకుంటుంటే అద్దంలో, వెనకాల, నీళ్ళు కారుతున్న జుట్టు. "చెప్పినావా?" అని ఒకటే మాట. చెప్పకపోతే, పాపం, ఆ ఆడమనిషి లేని మొగుడికి ఫోన్లు చేసుకుంటూనే ఉంటుంది. ఆ సంగతి భోజన్నకు తెలుసు. ఉన్నదల్లా భయమే.

శుక్రవారం వచ్చిందంటే చాలు, భోజన్న బస్సెక్కి దమ్మాం పోతాడు. అక్కడొక మ్యూజియంలో పాత పుస్తకాల ప్రదర్శన నడుస్తోంది.

"ఏం భోజన్నా, ఈ వయసుల సదువుకొని కలెక్టరువైతవా?" అని రూంలో లింబాద్రి నవ్వేవాడు. భోజన్న నవ్వేవాడు కాదు.

ఎక్కడో ఉత్తరాన, చలి సముద్రాల ఒడ్డున, వందల ఏళ్ళ కిందట బాగా బతికిన రేవు ఊళ్ళ పుస్తకాలవి. ఓడ దారుల పటాలు, వర్తకుల పద్దులు, నావికులు వెంట తీసుకెళ్ళే ప్రార్థన పుస్తకాలు. చేపలమ్మేవాళ్ళ ఇళ్ళలో కూడా పుస్తకాలుండేవట. భోజన్న అవన్నీ దాటుకుని ఒక్క అద్దాల పెట్టె ముందే ఆగుతాడు. అందులో అరచేతంత పుస్తకం. దానికి ఎర్రపూల బట్ట తొడిగి ఉంటుంది.

వచ్చినవాళ్ళకు చూపించి, వివరం చెప్పే అమ్మాయి పేరు ఖాలిదా. సీమ మనిషి. భోజన్న మొదటిసారి వచ్చినప్పుడు, ఎర్రటి గాజులు గలగలమంటుంటే అద్దం మీద వేలు పెట్టి చెప్పింది.

"ఈ బట్ట మన మచిలీపట్నం దిక్కు నుంచి ఓడలో పోయిందేనన్నా. ఈ పుస్తకం ఒక ఆడామెది. ఆమె ఊర్లో మొగోళ్ళంతా ఓడల మీదే. మొగుడు బతికుంటే ఇంట్లో పుస్తకానికి ఎర్రబట్ట. పోతే నీలం బట్ట తొడగాల. ఈమె మొగుని ఓడ మునిగిపోయింది. ఊరంతా తెలుసు. ఈమెకు చెప్పే ధైర్యమే ఒక్కరికీ లేకపాయె. సచ్చేదాకా ఎర్రబట్టే ఉంచుకునింది, పాపం."

ఖాలిదా అతని పేరడిగితే, భోజన్న తన పేరు చెప్పకుండా "లింబాద్రి" అన్నాడు. తిరుగు బస్సెక్కాడు. ఆ తర్వాత కూడా అంతే. రావడం, ఆ కథే మళ్ళీ అడగడం, తల వంచుకుని పోవడం. ఆమె కూడా విసుక్కోకుండా చెప్పేది.

ఈ శుక్రవారం మాత్రం అటో ఇటో తేలిపోవాలనుకున్నాడు. హబీబ్ ఫోన్ జేబులో వేసుకుని వచ్చాడు.

నమాజు వేళ దాటినా హాల్లో జనం లేరు. పెట్టె ముందు నిలబడ్డాడు. అద్దంలో తన మొహం, దాని వెనక హబీబ్ మొహం. "చెప్పు భోజన్నా," అన్నాడు హబీబ్.

"మేడం..." అన్నాడు భోజన్న. తీరా పాత ప్రశ్నే బయటికొచ్చింది. "గా ఆడామెకు ఆఖరిదాంక తెల్వనే తెల్వదా?"

ఖాలిదా పెట్టె దగ్గరికి వచ్చింది.

"ఇన్నాళ్ళూ అట్లే చెప్తాంటిమన్నా. పోయిన వారం పుస్తకాలు బాగుచేసేటోళ్ళు ఆ ఎర్రబట్ట కుట్లు విప్పినారు. కింద నీలం బట్ట ఉంది. బాగా మాసిపోయింది. ఆమెకు మొదట్నుంచీ తెలుసంట."

"మరి మీదికెల్లి ఎర్రది ఎందుకు కుట్టుకున్నది?"

"చెప్పాలని వచ్చి, చెప్పలేక పోతాండేవాళ్ళ మొహాలు చూడలేక."

ఆమె మెల్లగా పెట్టెకు అటువైపు నడిచింది. భోజన్న కళ్ళు తుడుచుకున్నాడు. ఈ పూట కూడా తన వల్ల కాలేదు. వెళ్ళిపోదామని ఒకడుగు వెనక్కి వేశాడు.

జేబులో ఫోన్ గుయ్యిమంది. తీసి చూస్తే, 'ఘర్'.

తలెత్తేసరికి అద్దానికి అవతల ఖాలిదా, గాజుల్లేని చేత్తో తన ఫోన్‌ను చెవికి ఆనించుకుని, అతన్నే చూస్తోంది.