వెనకగాలి

గాలి ఎదురుగా రావాలన్నదే మొదటి పాఠం కదా. మొహానికి గాలి తగులుతుంటే మన వాసన మన వెనక్కే పోతుంది, జంతువుకు అందదు. రెండోది, సబ్బూ షాంపూ వద్దు. మూడోది, ఫ్లాష్ జోలికి పోవద్దు. అడవి జంతువుల ఫోటోలు తీయడం నేర్పే అనంతగిరి శిక్షణలో శివప్రసాద్ సార్ వల్లె వేయించిన పాఠాలు. నిద్రలో లేపి అడిగినా స్వర్ణ అప్పజెప్పగలదు. అయినా నిన్న తలకు షాంపూ పట్టించింది. మేనత్త వింతగా చూస్తే, "పండగ కదత్తా" అంది.

ఇటుకల పండగంటే మన్యంలో వేట పండగ. చైత్రంలో మగవాళ్ళంతా వేటకు పోవాలి. ఉత్త చేతులతో తిరిగొస్తే ఊరి పొలిమేరలో ఆడవాళ్ళు పేడనీళ్ళు కుమ్మరిస్తారు. ఆడవాళ్ళు వేటకు వెళ్ళే ఆచారం లేదు.

"ఆడగుంటవి, వేటకొత్తానంతావేటి?" అన్నాడు తండ్రి ధర్మ.

"వేటకి కాదు నానా, ఫోటోకి."

"ఫోటోకైతే ఇంటికాడ మేక నేదా?" చిన్నాన్న సుక్రు నవ్వాడు. "దాన్ని తియ్యి. పారిపోదు, పొడవదు."

"మేక బొమ్మ తీసుకెల్తే సార్ నన్ను మేక అంతారు సిన్నానా."

గుమ్మానికి అడ్డంగా నిలబడే అంది ఆ మాట. తనను తోసుకుని వెళ్ళాలి, లేదా తీసుకుని వెళ్ళాలి. ధర్మ తోయలేదు.

ఆమెకు కావలసింది ఒక్క కణుజు. ఎడమ చెవి చీలిన ఆడ కణుజు, పెద్ద జాతి దుప్పి. చలికాలమంతా అది చవిటి ఊట దగ్గరికి వచ్చి ఉప్పుమన్ను నాకిపోతుంటే చూసింది. ఇప్పుడు కడుపుతో ఉంది, నడక బరువెక్కింది. ఆ ఊట ధర్మకూ తెలుసు. ఇవాళ తప్పిందా, ఆ కణుజు ఇక ఉండదు.

తెల్లవారుతోంది. మంచు ఇంకా లోయలోనే పడుకుని ఉంది. ధర్మ నాటుతుపాకీతో, సుక్రు విల్లుతో ఊటకు దిగువ పొదల్లో చోటు చూసుకున్నారు. స్వర్ణ ఎగువకు పోయి గట్టు మీద కూర్చుంది. ధర్మ వెనక్కి ఎక్కి వచ్చాడు.

"ఏటే గుంటా, ఇక్కడ కూకున్నావేటి? గాలి నీ ఎనకనుంచి వత్తంది. నీ వాసన తిన్నగా దాని ముక్కులోకే."

"ఎలుతురు కూడా ఎనకనుంచే రావాలి నానా. నేకపోతే బొమ్మ నల్లగా వత్తాది."

"నీకు బొమ్మ ముక్కెమా, వేట ముక్కెమా?"

"ముందు నా ఫోటో, తరవాతే నీ తుపాకీ. ఒప్పుకున్నావు."

ధర్మ పళ్ళు కొరుకుతూ దిగిపోయాడు. కెమెరా సంగతులు ఆయనకు తెలియవు. అది తెలిసి వాడుకున్నందుకు స్వర్ణకు కాస్త సిగ్గేసింది. సిగ్గుకంటే సంతోషమే ఎక్కువైంది. ఊహ తెలిసినప్పటినుంచీ ఇంట్లో ఆయన మాటే చివరిది. ఆ గొంతు ఆమె లోపల కూడా కాపురం పెట్టింది. కూర్చో అనేది, లే అనేది, నోరు ముయ్యి అనేది. ఇవాళ ఎంత చెవి ఒగ్గినా అది వినబడలేదు.

గింజలు నింపిన గుడ్డసంచి మీద పెద్ద లెన్సును ఆనించింది. ఫోకస్‌ను మాన్యువల్‌కు తిప్పింది. కదిలే జంతువుకు అది పనికిరాదు, సార్ చూస్తే తల పట్టుకునేవారు. ఫ్లాష్ బిగించింది. చార్జ్ అవుతూ అది సన్నగా ఈల వేసింది. దిగువ పొదలోంచి సుక్రు తల లేచి, మింగేసేలా చూసి, మళ్ళీ మునిగిపోయింది.

కణుజు వచ్చింది.

మంచులోంచి ముందు చెవులు. వాటిలో చీలిన చెవి. తర్వాత మెడ, ఆ తర్వాత బరువుగా ఊగే పొట్ట. ఊట అంచున ఆగి ముక్కు పైకెత్తింది. స్వర్ణ కెమెరా పైనుంచే చూస్తోంది. దిగువన పొద కొంచెం కదిలింది. ఇంకొక్క అడుగు వేస్తే దాని పక్క పూర్తిగా ధర్మ తుపాకీకి ఎదురవుతుంది.

ఇప్పుడే.

నొక్కింది. ఫ్లాష్ మంచునంతా తెల్లగా వెలిగించింది. షట్టర్ ఆగకుండా టపటపలాడింది. కణుజు కంచు మోగినట్టు అరిచి, తోక లేపి, ఒక్క గెంతులో చెట్లలో కలిసిపోయింది. ఆ అరుపు లోయలో చాలాసేపు తిరిగింది. అది విన్న జంతువేదీ ఆ పూట బయటికి రాదు. రాలేదు కూడా.

"దొరికిందేటి నీ బొమ్మ?" ధర్మ ఆయాసపడుతూ ఎక్కి వచ్చాడు.

"నేదు నానా. బేగి ఎల్లిపోనాది."

"దీనికేనేటే అన్నాల్లు టైనింగు? అడివంతా లేపేసినావు! పిట్టల్ని తోలుకుంటా సేనుకాడ కూకో, పనికొత్తావు."

స్వర్ణ తల దించలేదు.

పొద్దు వాలేవేళకు ఉత్త చేతులతో ఊరికి దిగారు. పొలిమేరలో ఆడవాళ్ళు కుండలతో కాచుకుని ఉన్నారు. అందరికంటే ముందు మేనత్త అప్పలనర్సమ్మ.

"ఏటి దొరా, కణుజేదీ? బుజం మీదే ఉందేటి, నా కల్లకే కనబడ్డం నేదా?"

"ఆ విల్లు పొయ్యిలో ఎట్టండి, టీ అయినా మరుగుద్ది!" ఇంకెవరో అరిచారు.

మొదటి కుండ ధర్మ నెత్తిన పడింది. పేడనీళ్ళు మీసాల మీదుగా కారాయి. రెండోది సుక్రుకు. స్వర్ణ కెమెరా సంచిని పక్కన రాయి మీద పెట్టి, వచ్చి తండ్రి పక్కన నిలబడింది.

"నువ్వేటే? పక్కకి జరుగు."

"నేనూ ఎల్లినాను కదత్తా. నాకూ పొయ్యి."

అప్పలనర్సమ్మ ఆమెను కిందనుంచి మీదికి చూసి, కుండ వంచింది. చల్లటి నీళ్ళు. షాంపూ వాసన పేడలో కలిసిపోయింది. స్వర్ణ కళ్ళు మూసుకోలేదు.

ధర్మ మొహం తుడుచుకుంటూ ఆమె వైపు తిరిగాడు. "నవ్వుతున్నావేటే గుంటా?"

స్వర్ణ చేతులు చున్నీకి తుడుచుకుని, సంచిలోంచి కెమెరా తీసి తండ్రి మొహానికి గురిపెట్టి, ఆ రోజు మొదటిసారిగా లెన్సు మూత తీసింది.