వస్తువులు చెడిపోయే సందు

"ఈపొద్దు కుక్కరు పిడి ఊడింది మామా," అంటూ మునీశ్వరి అరుగెక్కింది.

గంగాధరం కళ్లద్దాలు సరిచేసుకుని కుక్కరు అందుకున్నాడు. నిన్న ఎల్లమ్మ ఇస్త్రీపెట్టె. మొన్న చిన్నస్వామి టార్చిలైటు. అంతకు ముందురోజు ఎవరిదో గోడ గడియారం. ఎదురింటి గడపలో నిలబడి చూస్తున్న సంగీతకు అంతు పట్టలేదు. పుంగనూరులో ఈ సందుకు ఉన్నవి పదే ఇళ్లు. రోజుకొక వస్తువు ఎలా చెడిపోతుంది?

ఆమె కుప్పం నుంచి బదిలీ మీద ఇక్కడి పోస్టాఫీసుకు వచ్చి ఆరు వారాలైంది. వచ్చిన కొత్తలో గ్రైండరు కొనడానికి బయల్దేరితే పక్కింటి మునీశ్వరే ఆపింది.

"యాల కొనేది? మా ఇంట్లో ఉండాది, వచ్చి రుబ్బుకో. నిచ్చెన ఎల్లమ్మక్క ఇంట్లో. కరేపాకు చిన్నస్వామన్న పెరట్లో. ఏమన్నా చెడిపోతే గంగాధరం మామ. ఈ సందులో మేము అంగడికి పోయేది ఉప్పుకీ చక్కెరకే."

"మామకు ఏమిస్తారక్కా?"

"ఎవురింట్లో ఏం కాస్తే అది."

గంగాధరం ముప్పై ఏళ్లు బస్టాండు దగ్గర మోటార్లు బాగుచేశాడట. ఇప్పుడు అంగడి లేదు, ఈ అరుగే. కానీ పని చూస్తే సంగీతకు జాలేసేది. ఒక్క స్క్రూ బిగించడానికి అరగంట. అది వేళ్లలోంచి జారిపోయేది. ఆయన వంగి, తడుముకుని, మళ్లీ పట్టుకునేవాడు. ఒకరోజు సంగీత ఆ అరుగు దగ్గరే ఉండగా స్క్రూ దొర్లి ఆమె కాళ్ల దగ్గరికే వచ్చింది. తీసివ్వబోయింది. పక్కనే అనపకాయలు ఒలిచి గింజలు తీస్తున్న ఆయన భార్య రత్నమ్మ గబుక్కున ఆమె మణికట్టు పట్టుకుని, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. గంగాధరమే పాకుతూ వచ్చి తీసుకున్నాడు.

ఆ రాత్రి సంగీతకు కోపమే వచ్చింది. నాలుగు వంకాయలిచ్చి, పెద్దాయనతో ఇంత చాకిరీ చేయిస్తారా?

ఆదివారం పొద్దున మిద్దె మీద బట్టలు ఆరేస్తుంటే మునీశ్వరి పెరడు కనబడింది. అప్పటిదాకా పాడుతున్న రేడియో ఠక్కున ఆగిపోయింది. మునీశ్వరి దాన్ని ఒళ్లో బోర్లించి పట్టుకుంది. ఎల్లమ్మ కత్తిమొనతో వెనక మూత తీసి, లోపలి నుంచి ఒక వైరు లాగేసింది.

సంగీత మెట్లు రెండేసి దిగి వెళ్లింది.

"బాగుండే రేడియోను యాల చెడగొడతాండారు?"

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. ఎల్లమ్మ ఆమెను లోపలికి లాగి తలుపు దగ్గరికి వేసింది.

"గెట్టిగా అనొద్దు పాపా. పోయిన యేడు మామకు పక్షవాతం వచ్చె. కుడిచెయ్యి పడిపోయె. వేళ్లతో సన్నపని చేయిస్తా ఉంటేనే చెయ్యి తిరుగుతాదని మదనపల్లి డాక్టరు చెప్పె. పిసకమని రబ్బరుబంతి ఇస్తే, నేనేమన్నా చంటిబిడ్డనా అని గోడవతలికి ఇసిరేసినాడు."

"అప్పుడే రత్నమ్మత్త మిక్సీ చెడిపోయె," అని మునీశ్వరి అందుకుంది. "అది మాత్రం నిజంగానే చెడిపోయిందిలే. రెండు దినాలు కూచోని మామే బాగుచేసె. మూడోనాడు తన చేత్తో అన్నం కలుపుకోని తినె. అత్త ఏడిస్తే మేమూ ఏడిస్తిమి. అప్పట్నుంచీ వంతులు వేసుకుంటిమి."

"ఆయప్ప రోషగాడు," అంది ఎల్లమ్మ. "ఇది జాలిపడి చేస్తాండేదని తెలిస్తే మళ్లా స్క్రూడ్రైవరు ముట్టడు. నోరు జారొద్దు సూడు."

సంగీత ఊడిన వైరును చేతిలోకి తీసుకుంది.

"బుధవారం నాకెయ్యండి," అంది.

బుధవారం పోస్టాఫీసు నుంచి రాగానే తన టేబులు లైటు విప్పి, వైరు లాగి, అరుగు మీదికి తీసుకెళ్లింది. రత్నమ్మ పిండిమరకు వెళ్లింది. గంగాధరం ఒక్కడే ఉన్నాడు. లైటు అడుగు విప్పి చూసి, మీసాల్లో నవ్వాడు.

"దీనికి కత్తి వాడినావా పాపా? గాట్లు పడినాయి. ఎల్లమ్మ అయితే ఇంత మొరటుగా తీయదు."

"మీకు... తెలుసా మామా?"

"మొదటి నెల్లోనే తెలిసె. ముప్పై యేండ్లు మోటార్లు ఇప్పినోణ్ణి. చెడిపోయిందానికీ చెడగొట్టిందానికీ తేడా తెలీదా నాకు?"

"రోషం రాలేదా?"

"యాల రాదు? సామాన్లన్నీ బావిలో పారేద్దామని లేస్తి. ఆపొద్దే మునీశ్వరీ ఎల్లమ్మా ఒకే గడపలో కూచోని గుసగుసలాడతా కనబడిరి." ఆయన లైటు పక్కన పెట్టాడు. "కాలవ నీళ్ల కాడ తగాదా పడి, ఆరేండ్లు ఒకరి మొగం ఒకరు చూసుకోలేదు వాళ్లు. సందు సందంతా రెండుగా చీలిపోయిండె. ఎవురి గ్రైండరు వాళ్లదే, ఎవురి నిచ్చెన వాళ్లదే. పక్కింట్లో కరేపాకు రాలిపోతాంటే అంగట్లో కొనుక్కుంటాండ్రి. రేపు ఏది చెడగొట్టాల అని అడిగేదానికి ఎల్లమ్మే ముందు గడప దాటింది. నాకు తెలుసని చెప్తే వంతులు నిలిచిపోతాయి. వంతులు నిలిచిపోతే..."

సందులో ఎవరో నిచ్చెన మోసుకుపోతున్నారు.

"అయితే ఎవురికీ చెప్పొద్దు మామా," అంది సంగీత. "మీ చెయ్యి పూర్తిగా బాగయ్యేదాకానన్నా."

గంగాధరం సందు మలుపు దాకా చూశాడు. రత్నమ్మ ఇంకా రావడం లేదు. గొంతు తగ్గించాడు.

"నువ్వీ ఊరికి రాకముందే బాగైపోయె పాపా."