ఎర్నమ్మ గొంతు

శాసనసభ కమిటీ ఇప్పుడు ఊళ్లు తిరగడం మానేసింది. ప్రతి ఇంటి గోడకూ ఒక మాటల పెట్టె ఉంది. ప్రభుత్వ పనులు ఎలా ఉన్నాయో కమిటీ అందులోంచే ఆరా తీస్తుంది. ఆ పెట్టెను బిగించింది మాత్రం నీళ్ల శాఖవాళ్లే. అదే ఎర్నమ్మకు మింగుడుపడని సంగతి.

ఆ ఉదయం పెట్టె మోగింది.

"కమిటీ అధ్యక్షురాలిని మాట్లాడుతున్నాను. కుళాయి నీళ్లు వస్తున్నాయా అమ్మా?"

ఎర్నమ్మ నోరు తెరిచేలోపే పెట్టెలోంచి అచ్చం ఆమె గొంతే బదులిచ్చింది.

"రోజూ వత్తన్నాయమ్మా, ఏ లోటూ నేదు."

చివర ఆమె పొడి దగ్గు కూడా వినిపించింది.

"అది నేను కాదమ్మా! పది రోజులయ్యింది సుక్క రాక!" అని అరిచింది ఎర్నమ్మ.

"చాలా సంతోషం," అంది అధ్యక్షురాలు.

తన మాట అవతలికి పోవడం లేదని ఎర్నమ్మకు అర్థమైంది. కోపంతో గరిటె తీసి ఖాళీ ఇత్తడి బిందెను ఠంగుఠంగున మోగించింది. మాటను ఆపిన పెట్టె ఆ మోతను ఆపలేకపోయింది.

"ఏమిటమ్మా ఆ చప్పుడు?"

"నిండిన బిందె దించుతన్నానమ్మా," అంది పెట్టె.

అధ్యక్షురాలికి అనుమానం వచ్చింది.

"నేనూ బిందెలు మోసినదాన్నే. నీళ్లున్న బిందె అలా మోగదు. అసలు మాట్లాడుతున్నది ఎవరు?"

పెట్టె దగ్గింది.