సాక్సుల దొంగ

"మా పాప సాక్సులు మళ్లీ ఎవరు విప్పారు?"

అమ్మమ్మ గొంతుకి పిల్లల వార్డంతా ఉలిక్కిపడింది.

గాజుపెట్టెలో గుప్పెడంత పిల్ల. నెలలు నిండకుండానే తొందరపడి వచ్చేసింది. బొడ్డులోంచి రక్తనాళంలోకి సన్నటి గొట్టం వేశారు. అమ్మమ్మ వేళ్లు కాయలు కాచేలా అల్లిన పసుపుపచ్చ ఊలు సాక్సులు ఓ మూల పడి ఉన్నాయి.

"నేనే విప్పానండీ," అంది కొత్త డాక్టరమ్మ. "గొట్టం ఉన్నన్నాళ్లూ పాప కాళ్లు కనబడుతూ ఉండాలి."

"గొట్టం బొడ్డులో ఉంటే కాళ్లతో నీకేం పనమ్మా?"

"ఆ గొట్టం వల్ల ఒక్కోసారి కాళ్లకి రక్తం అందదు, అమ్మమ్మగారూ. పెట్టెలో వెచ్చగానే ఉంటుంది, చలేం వేయదు."

అమ్మమ్మ వింటేగా!

"మనమంతా చెప్పులు బయట విడిచి వస్తున్నాం. ఈవిడ మాత్రం సాక్సులూ బూట్లూ వేసుకుని దర్జాగా తిరుగుతుంది. మన పాపకి మాత్రం వద్దట!" అంది కూతురితో, అందరికీ వినబడేలా.

డాక్టరమ్మ తన బూట్ల వంక చూసుకుని నవ్వింది. కాస్త ఒరుగుతూ నడిచి పక్క పెట్టె దగ్గరికి వెళ్లింది.

ఆ రోజు నుంచి ఆమె పేరు సాక్సుల దొంగ. అమ్మమ్మ తొడగడం, ఆవిడ విప్పడం. చివరికి పెద్ద డాక్టరు దాకా వెళ్లింది అమ్మమ్మ. "ఆ అమ్మాయిని మా పాప దగ్గరికి రానివ్వకండి!"

అయినా మర్నాడు డాక్టరమ్మ వచ్చింది. రావడంతోనే సాక్సులు లాగేసింది.

కుడికాలి వేళ్లు సిరా పూసినట్టు నీలంగా ఉన్నాయి.

అమ్మమ్మ పెట్టె అంచు పట్టుకుంది. "కాలు పోతుందా తల్లీ?" అంది.

"ఒక సాక్సు ఇలా ఇవ్వండి."

డాక్టరమ్మ గోరువెచ్చటి గుడ్డ చుట్టి, పైన సాక్సు తొడిగింది. బాగున్న కాలికి!

"అది కాదమ్మా, ఈ కాలు!"

"ఇది వెచ్చబడితే ఆ కాలి నాళాలు కూడా తెరుచుకుంటాయండీ."

అందరూ ఊపిరి బిగబట్టి చూశారు. రంగు మారలేదు.

"ఇంక గొట్టం తీసేస్తున్నాను," అంది డాక్టరమ్మ. మెల్లగా లాగి, బొడ్డు దగ్గర అదిమి పట్టుకుంది.

ముందు బొటనవేలు ఎర్రబడింది. తర్వాత దాని పక్కది. ఆ ఎరుపు చిటికెనవేలి దాకా పాకిందో లేదో, పాప గాలిలోకి ఒక్క తన్ను తన్నింది.

నిశ్శబ్దం పాటించమన్న బోర్డు కిందే సిస్టర్లు చప్పట్లు కొట్టారు. అమ్మమ్మ ఏడుస్తూ నవ్వింది. "తన్నవే నా తల్లీ, నన్నే తన్ను!"

పాప ఇంటికి వెళ్లే రోజు అమ్మమ్మ పెద్దవాళ్ల సాక్సుల జత ఒకటి అల్లి తెచ్చింది.

"మన దొంగ ఏదమ్మా? క్షమించమని అడగాలి."

"నిన్ననే వేరే ఆసుపత్రికి వెళ్లిపోయారండీ," అంది సిస్టర్. "ఇవి నేను పంపిస్తాలెండి. ఆవిడకి ఒకటి చాలు గానీ."

"ఒకటేంటి?"

"ఎడమ బూటులో ఉన్నది పెట్టుడు కాలు."

అమ్మమ్మ చేతిలో ఊలు జత అలాగే ఉండిపోయింది.

సిస్టర్ పాప పాదం నిమిరింది. "పుట్టినప్పుడు ఆవిడకీ బొడ్డులో గొట్టం వేశారట, వాళ్ల అమ్మమ్మ ముద్దుగా తొడిగిన సాక్సు కింద కాలు నల్లబడిపోతుంటే ఎవరూ విప్పి చూడలేదట."