చివరి మడత

అమ్మ గుమ్మంలో చెప్పులైనా విప్పకముందే బుజ్జి ఎదురొచ్చి కాగితం కప్పను ముఖం మీదికి పట్టింది.

"అమ్మా, దీనికి ఒక్క మడత తక్కువ. నువ్వే వేయాలంట."

"ఎవరన్నారు?"

"మెట్ల తాత."

ఆమె కప్పను చూసింది. కప్ప ఆమెను చూసింది. ఇద్దరిలో ఎవరు ఎక్కువ నలిగి ఉన్నారో చెప్పడం కష్టం.

పొద్దుటి నుంచి ప్యాకింగ్ కంపెనీలో అట్టపెట్టెలు మడిచి మడిచి ఆమె వేళ్ళు కొయ్యబారిపోయాయి.

"అక్కడా మడతలే, ఇక్కడా మడతలేనా? రేపు చూద్దాం తల్లీ."

"రేపు ఇంకోటి ఉంటుంది కదమ్మా!"

ఇంట్లో ఉన్నది వాళ్ళిద్దరే. వేరే ఎవరి మీదికీ తోసేయడానికి లేదు. ఆమె గోడకు జారగిలబడి కూర్చుంది.

"ఎక్కడ?"

"వెనక కాళ్ళు. ఇటు మడిచి, మళ్ళీ అటు మడవాలి. అబ్బా, అటు కాదమ్మా!"

మడిచింది. బుజ్జి వేలితో వీపు నొక్కగానే కప్ప ఎగిరి మంచం కింద దూరింది.

పిల్ల పకపకా నవ్వుతూ దాని వెనకే దూరింది. బళ్ళో ఎవరు ఎవర్ని గిల్లారో, టీచరు ఎందుకు మూతి ముడుచుకుందో, అన్నీ మంచం కింది నుంచే చెప్పుకొచ్చింది.

ఆమె ఊఁ కొడుతూ కూర్చుంది. అప్పటికిగాని చెప్పులు విప్పలేదు.

మెట్ల తాతంటే కిందటి వానాకాలంలో పై గదిలోకి అద్దెకొచ్చిన ముసలాయన. ఎవరో, ఏం చేసేవాడో ఎవరికీ తెలీదు. సాయంత్రాలు మెట్ల మీద కూర్చుని, పాత క్యాలెండరు కాగితాలు చింపి, ఆ ఇంటి వాటాల్లోని పిల్లలకు బొమ్మలు చేసిపెట్టేవాడు. మిగతా పిల్లల్ని వాళ్ళ అమ్మలు పిలుచుకుపోయాక బుజ్జి ఒక్కతే మిగిలేది.

బుజ్జి తెచ్చే బొమ్మ ఏదీ పూర్తయి ఉండేది కాదు. ఓ రోజు ముక్కులేని పక్షి. ఓ రోజు రెక్కలు వాల్చని రాకెట్టు. ఓ రోజు విప్పని పడవ.

"పెద్దాయనకి చివర్లో చెయ్యి వణుకుతుందేమోనే," అంది ఇంటిగలావిడ.

"వణికేవాడు మొదలుపెట్టడం దేనికి పిన్నిగారూ, నా ప్రాణానికి!"

ఓ శనివారం లారీ కదిలేదాకా ఎవరూ వెళ్ళడానికి వీల్లేదని కంపెనీలో ఆపేశారు. ఇల్లు చేరేసరికి చీకటి పడింది. మెట్ల మీద తాత, బుజ్జి, ఒక రెక్క వంచని గాలిమర.

ఆమెకు ఒళ్ళు మండింది.

"బాబాయిగారూ, చేస్తే పూర్తిగా చేసివ్వండి. లేదా మానేయండి. నేనేమన్నా గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నానా?"

"కోప్పడకమ్మా. ఒక్క మడతేగా."

"ఆ ఒక్కదానికే నాకు ఓపిక లేదు."

ముసలాయన ఆమె వేళ్ళకు చుట్టిన ప్లాస్టరు కేసి చూశాడు. గాలిమర తీసుకుని, మిగిలిన రెక్క వంచి, గుండుసూది గుచ్చి, పుల్లకు బిగించి బుజ్జి చేతికిచ్చాడు.

ఆయన చెయ్యి ఇసుమంతైనా వణకలేదు.

మర్నాటి నుంచి బొమ్మలు పూర్తిగా తయారై వచ్చాయి.

పీడ వదిలిందనుకుంది ఆమె. బుజ్జి బొమ్మను తెచ్చి కిటికీలో పెట్టేది. ఇంత తిని పడుకునేది. చూస్తూ ఉండగానే కిటికీ నిండిపోయింది.

ఇల్లు మాత్రం ఎందుకో చప్పబడింది.

"బళ్ళో ఏం జరిగిందే?" అనడిగింది ఓ సాయంత్రం.

"ఏం లేదు."

"టీచరేమంది?"

"తాతకి చెప్పేశాగా."

పిల్ల అటు తిరిగి పడుకుంది. ఆమె తింటున్న కంచం పక్కకు జరిపింది.

ఆదివారం మేడెక్కి, ఒక్క మడత మళ్ళీ వదిలేయండి బాబాయిగారూ అని చెప్పాలనుకుంది. ఎలా అడగాలో కూడా మనసులో కూర్చుకుంది. ఆదివారం ఒళ్ళునొప్పులతో మంచం దిగలేకపోయింది. వచ్చే వారం వెళ్తే సరిపోతుందిలే అనుకుంది.

ఆ వారం మధ్యలోనే ముసలాయన నిద్రలో పోయాడు.

గది ఖాళీ చేయడానికి ఆయన కూతురు వచ్చింది. ఈమె కంటే నాలుగైదేళ్ళు పెద్దదేమో. పక్కబట్టలు మూట కడుతోంది.

పలకరిద్దామని మేడెక్కిన ఈమె, ఊరికే నిలబడలేక దుప్పటి రెండో కొస పట్టుకుంది.

"మా పిల్లకి రోజూ కాగితం బొమ్మలు చేసిచ్చేవారండీ. చిన్నప్పుడు మీకు ఎన్ని చేశారో!"

కూతురి చేతులు ఆగిపోయాయి.

"బొమ్మలా? మా నాన్నా?"

"అవునండీ. పక్షి, పడవ, కప్ప..."

"కప్పా! కప్ప చేయడం నేర్చుకున్నాడా?" ఆవిడ ఉన్నచోటే కూలబడింది. "బళ్ళో మాకు నేర్పారు. వెనక కాళ్ళ మడత నాకెంతకీ కుదిరేది కాదు. నాన్న వేస్తాడని రోజూ గుమ్మంలో పట్టుకుని నిలబడేదాన్ని. బస్సు నడిపేవాడు కదా, రెండు డ్యూటీలు చేసి వచ్చేవాడు."

"వేసిచ్చేవారా?"

ఆవిడ దుప్పటి కొసను మడిచి, మళ్ళీ విప్పింది.

"రేపు చూద్దాం తల్లీ అనేవాడు. చెప్పులైనా విప్పకుండా, గోడకు ఆనుకుని అట్లాగే నిద్రపోయేవాడు."