కేశవరావు గారికో ధర

ఒక్క స్టారు. దాని కింద నాలుగు ముక్కలు.

“తొమ్మిది వందల డాలర్ల రైఫిల్‌కి మూడు వేలు అడిగాడు. మూడుసార్లు వెళ్ళాను. మూడుసార్లూ అదే ధర. మనవాడని వెళితే మనల్నే ముంచుతాడు. – కేశవరావు, డార్విన్.”

శ్రీకర్ ఫోన్ పక్కన పెట్టాడు. ఉండబట్టలేక మళ్ళీ తీశాడు. ఆ రివ్యూ బావుందని నొక్కినవాళ్ళు నిన్నటికి నలభై మంది. ఇవాళ యాభై రెండు.

ఆస్ట్రేలియాలోని డార్విన్ ఊరి చివర, తెలుగాయనే అయిన విలియం గారి తుపాకుల షాపు. శ్రీకర్ యూనివర్సిటీలో చదువుకుంటూ వారంలో నాలుగు రోజులు అక్కడ పని చేస్తాడు. తుపాకి ముట్టుకునే లైసెన్స్ అతనికి లేదు. వాటిని చూపించడం, అమ్మడం అంతా లైసెన్స్ ఉన్న షీనా పని. శ్రీకర్‌ది కంప్యూటరు. ధరలు ఎక్కించాలి. రివ్యూలకి జవాబులు రాయాలి.

ఆ ఒక్క స్టారు పడకముందు షాపుకి మంచి పేరుండేది. “ధర సబబు” అని రాశాడొక రైతు. “అక్కర్లేనిది అంటగట్టడు” అన్నాడు పందుల వేటకి వెళ్ళే ఇంకొకాయన. ఇప్పుడవన్నీ కిందికి పోయాయి. కొత్తగా ఎవరో రాశారు: “చర్చికి వచ్చేవాళ్ళకి ఒక ధర, గుడికి వెళ్ళేవాళ్ళకి ఇంకో ధర అట.”

ఆ రాసిన మనిషి షాపు గడప కూడా తొక్కలేదు. శ్రీకర్‌కి తెలుసు. తెలిసి ఏం చేయగలడు? తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో అదే మాట రోజుకొకరు అంటున్నారు. షాపుకి వచ్చేవాళ్ళు తగ్గారు.

“నెలాఖరు దాకా చూస్తానయ్యా” అన్నాడు విలియం. “ఆ తర్వాత నీకు పని ఇవ్వలేనేమో.”

“అంకుల్, కేశవరావు అంకుల్‌కి కరెక్ట్ రేట్ చెప్పేస్తే ఆయనే రివ్యూ తీసేస్తారు. ప్రాబ్లమ్ సాల్వ్!”

“ఆయనకి ఆ ధరే.”

“ఎందుకంకుల్? మిగతా అందరికీ తొమ్మిది వందలే కదా?”

“షాపు నీదా, నాదా?”

“మీదే అంకుల్. తిట్లు చదివేది మాత్రం నేను.”

విలియం నవ్వలేదు. కంప్యూటర్లో కేశవరావు పేరు ఎదురుగా మూడు వేలని తన చేత్తోనే కొట్టి ఉంచాడు. దాన్ని మార్చొద్దన్నాడు. ఎందుకో చెప్పలేదు.

సోమవారం ఆయన మోకాలి ఆపరేషన్‌కి ఆసుపత్రిలో చేరాడు.

బుధవారం ఉదయం షాపు తెరిచేసరికి ఇంకో రెండు ఒంటి స్టార్లు. శ్రీకర్ కంప్యూటర్లో కేశవరావు పేరున్న పేజీ తెరిచాడు. ఈ పని పోతే ఇంకోటి దొరికేదాకా ఎలా? పైగా చెడ్డవాడు కాని విలియంకి చెడ్డపేరు. ఇద్దరికీ మేలే కదా అనుకున్నాడు. మూడు వేలు చెరిపి తొమ్మిది వందలు కొట్టాడు. కేశవరావుకి ఫోన్ చేశాడు.

అరగంటలో ఆయన వచ్చాడు. బయట జోరుగా వాన. పోలీసులిచ్చిన అనుమతి కాగితం మాత్రం ప్లాస్టిక్ కవర్లో పొడిగా ఉంది. నున్నగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉన్నాడు.

“సారీ అంకుల్. ధర పొరపాటున అలా పడింది.”

“మీ విలియం మోకాలు కోస్తేగానీ ధర దిగలేదన్నమాట!” అని ఆయన గట్టిగా నవ్వాడు.

శ్రీకర్ కూడా నవ్వేశాడు. “ఆంటీ బావున్నారా?”

“మీ ఆండాళ్ ఆంటీ పని మీద వెళ్ళింది. సాయంత్రానికి వస్తుంది.”

షీనా కాగితాలు సరిచూసింది. కంప్యూటర్లో ధర చూసింది. “నో వర్రీస్” అంటూ రైఫిల్ పెట్టెలో పెట్టి ఇచ్చింది.

కేశవరావు కారు దాకా వెళ్ళి, వానలోనే మళ్ళీ వెనక్కి వచ్చాడు. చేతిలో రెండు చేపల గాలాలు.

“పట్టడం వచ్చునా బాబూ? ఉంచుకో.”

“కొత్తవాటిలా ఉన్నాయి అంకుల్! మరి మీకు?”

“నాకింక ఎందుకులే.”

మధ్యాహ్నానికి ఆ రివ్యూ మారిపోయింది. అయిదు స్టార్లు! శ్రీకర్ క్లాసు ఎగ్గొట్టి ఆసుపత్రికి పరుగెత్తాడు.

కట్టు కట్టిన కాలు దిండ్ల మీద పెట్టుకుని పడుకుని ఉన్నాడు విలియం.

“అంకుల్, ఇది వినండి! ‘ధర న్యాయమైనది. విలియం మంచివాడు. అతన్ని ఎవరూ తప్పు పట్టవద్దు.’ రాసింది ఎవరో చెప్పుకోండి. కేశవరావు అంకుల్!”

విలియం ముఖం పాలిపోయింది.

“అమ్మారా?”

“తొమ్మిది వందలకే. రేటు నేనే మార్చాను. సర్‌ప్రైజ్ చేద్దామని...”

“ఎన్నింటికి?”

“పదకొండింటికి.”

గోడ గడియారంలో మూడున్నర. విలియం లేవబోయాడు. కాలు కదల్లేదు. మంచం అంచు పట్టుకుని పళ్ళు బిగించి మళ్ళీ ప్రయత్నించాడు. వెనక్కి పడిపోయాడు.

“కేశవరావుకి ఫోన్ కొట్టు.”

మోగి మోగి ఆగిపోయింది.

“మళ్ళీ.”

మళ్ళీ అంతే.

శ్రీకర్‌కి ఏడుపొచ్చింది. “అంకుల్, నేనేం తప్పు చేశాను? అందరికీ ఇచ్చే ధరకే కదా ఇచ్చింది?”

విలియం రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

“‘ఆయనకి బతకాలని లేదు అన్నయ్యగారూ, కొనలేని ధర చెప్పి తిప్పి పంపండి’ అని నా చేత ఆ మూడు వేలు చెప్పించింది ఆండాళ్ గారేనయ్యా.”