అడగని కబురు

ఆ పరాయివాడు వాకిట్లోకి వస్తూనే ఫాదియాలా కీతా ఇంటి పీటను కాలితో తన వైపు లాక్కుని దర్జాగా కూర్చున్నాడు.

"లేవరా. అది మా నాన్న పీట," అన్నాడు ఫాదియాలా, దడి పక్కన పార నూరుకుంటూ.

"మీ నాన్న మా ఇంట్లో బానిస. బానిస పీట నాది కాక ఇంకెవరిది?"

ఫాదియాలా మొహం విప్పారింది.

"కులిబాలీవా?"

"కాకపోతే కీతాల కొంపలో కూర్చునే ధైర్యం ఎవడికుంది?"

"అదీ సంగతి. ఏమే, బొబ్బర్లు దాచెయ్. మింగేవాడొచ్చాడు."

కీతా, కులిబాలీ ఇంటిపేర్లవాళ్లకు వెటకారాల వరస. తాతలు పెట్టిపోయింది. బానిస అనీ, బొబ్బర్ల తిండిపోతనీ ఎవరు ఎవరిని ఎంత మాటైనా అనవచ్చు, కోపం తెచ్చుకునే హక్కు మాత్రం ఎవరికీ లేదు.

ఫాదియాలా భార్య న్యాగలే సొరబుర్రలో నీళ్లు తెచ్చిచ్చింది. అతను తాగాడు. ఇల్లు, పశువులు, వాన అన్నీ ఒకరినొకరు వరసగా అడిగారు. అన్నిటికీ "చల్లగానే" అని జవాబు.

నీళ్లయ్యాక ఇంటాయన "ఏం కబురు మోసుకొచ్చావు?" అని అడగాలి. అడిగేదాకా వచ్చినవాడు చెప్పకూడదు. అది మర్యాద.

అతను సొరబుర్ర కింద పెట్టి, మోకాళ్ల మీద చేతులు ఆనించి, ఎదురుచూశాడు.

అతని మడమలకు ఎర్రమట్టి పట్టి ఉంది. ఈ ఊరి మట్టి నలుపు. ఎర్రది బంగారం తవ్వే గుంతల దగ్గరిది. ఫాదియాలా కొడుకు మకాన్ ఎండాకాలమంతా ఆ గుంతల్లోనే. తొలకరికి వచ్చేస్తానన్నాడు. తొలకరి దాటింది, వేరుశనగ మొలిచింది, దాంతో కలుపూ మొలిచింది.

ఫాదియాలా ఆ మడమల్ని చూశాడు. చప్పున చూపు తిప్పుకున్నాడు.

"ఊరికే కూర్చుంటే సంకటి పెట్టరిక్కడ. పద, కలుపు తీద్దువుగాని."

"అడగవా కీతా?"

"కులిబాలీ నోట వచ్చేది కబురా? గాలి. బొబ్బర్ల గాలి."

అతను నవ్వి, మూల ఉన్న రెండో పార తీసుకున్నాడు. అది మకాన్‌ది.

చేలో తండ్రి పక్క సాలు కొడుకుది. అతను ఆ సాలులోనే వంగాడు. మట్టిని మొక్కల మొదళ్లకు ఎగదోసి, ఎవరినో నిద్రపుచ్చుతున్నట్టు అరచేత్తో మెల్లగా అద్దుకుంటూ వచ్చాడు.

అతను నడుమెత్తి నోరు తెరిచినప్పుడల్లా ఫాదియాలా ఒక ఎకసెక్కం విసిరాడు.

"నీకు పిల్లలున్నారా, నీ వాసనకి పారిపోయారా?"

"ఒక్కడు."

"నీలాగే సోమరా?"

"కాదు. తవ్వడం మొదలెడితే ఆపడు."

"అయితే వాడికి కీతాల రక్తం ఎక్కడో కలిసింది."

ఇద్దరూ నవ్వారు. అతను ముందు ఆపాడు.

మధ్యాహ్నం న్యాగలే బెండకాయ పులుసూ సంకటీ తెచ్చింది. అతను ముద్ద చేసి, చేతిలోనే ఉంచుకుని, గిన్నె ఆమె వైపు జరిపాడు.

ఆమె మొగుణ్ణి పక్కకు పిలిచింది.

"అడుగు. నీ కాళ్లు పట్టుకుంటా, అడుగు."

"ఏమని?"

"మన బిడ్డ సంగతి."

"వాడు వస్తాడు. వాడి సాలు వాడికే ఉంచాను."

"ఆ సాలు ఎవరు తీస్తున్నారో చూడు."

ఫాదియాలా చూడలేదు.

"అడిగితే చెప్పేస్తాడే," అన్నాడు.

పొద్దు వాలేసరికి సాలు పూర్తయింది. అతిథిని ఊరి పొలిమేర దాకా సాగనంపాలి కాబట్టి ఫాదియాలా వెంట నడిచాడు. వాగు దగ్గర ఆగాడు.

"ఇంకొంచెం రా," అన్నాడు అతను. "మా ఊరి దాకా రా. మా ఇంట్లో ఒక కీతాతో పనుంది."

"బొబ్బర్లు ఉడకెయ్యడానికా?"

"అనుకో."

"వేరే కీతాను చూసుకో. నా కలుపు నాకుంది."

అతను ఫాదియాలా మొహంలోకి కాసేపు చూశాడు.

"సరే బానిసా. చల్లగా ఉండు," అని వాగు దాటి వెళ్లాడు. వెనక్కి తిరగలేదు.

ఆ తర్వాత చేలోకి దిగితే పక్క సాలులో పార చప్పుడు. తల తిప్పితే ఎవరూ ఉండరు. ఫాదియాలా గట్టిగా పాట అందుకునేవాడు. పాట ఆగితే మళ్లీ చప్పుడు.

సంతనాడు గుంతల పెద్ద అయిన ముసలి కమ్మరి, చావు కబురుతో పాటు ఇచ్చే కోలా గింజలు ఆకుల్లో చుట్టి పట్టుకుని వచ్చాడు. ఆ పొట్లం చూడగానే ఫాదియాలా నేల మీద కూలబడ్డాడు.

"కులిబాలీ వచ్చి చెప్పాడు కదా," అన్నాడు పెద్ద.

"చెప్పలేదు."

"చెప్పలేదా? ఆ పని మీదేగా వచ్చింది."

"నేను అడగలేదు."

లోపల రోకలి చప్పుడు ఆగిపోయింది.

పెద్ద అతని ఎదురుగా కూర్చున్నాడు.

"వానకి గుంత కూలింది. లాభం లేదని మేమంతా పైకొచ్చేశాం. అతనొక్కడే తవ్వాడు. మకాన్‌ని బయటికి తీసిందీ, కడిగి గుడ్డ చుట్టి మట్టి చేసిందీ అతనే."

"నా బిడ్డ కోసమా? ఊరూ పేరూ తెలియనివాడు, ఎందుకంత?"

పెద్ద పొట్లం ఫాదియాలా ఒళ్లో పెట్టాడు.

"ఆ గుంతలో మకాన్ పక్కన ఉన్నది అతని కొడుకే నాయనా. కులిబాలీల గడపలో చావు కబురు కీతా నోటే పడాలిగా, నిన్ను వెంటబెట్టుకుని ఇంటికి పోదామని ఇటొచ్చాడు."